నల్ల స్క్రీన్ పలకకపోతే ముందు విండో మూసేయకండి

డేటాబేస్: మీ సందేహాలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి బాధ ఒకటే. కమాండ్ లైన్‌లో డేటాబేస్ తెరిచాం, ఏదో టైప్ చేసి ఎంటర్ కొట్టాం, ఇక ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే ఈ నెల పేజీలన్నీ దానికే ఇస్తున్నాను. కమాండ్లను చదివే తీరులోనే తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.

ప్రశ్న: మేడమ్‌గారూ, మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. రైతుల బస్తాల లెక్క, అద్దె, లోన్ల వివరాలు అన్నీ మైఎస్‌క్యూఎల్ 8.0లో ఉంటాయి. నేను అకౌంట్స్ చూస్తూనే కంప్యూటర్ పని కూడా చూస్తాను. మార్చిలో సరుకు ముమ్మరంగా దిగుతున్నప్పుడు, తేమ శాతం రాసుకోవడానికి బస్తాల టేబుల్‌లో ఒక కాలమ్ కలపమని ఓనర్‌గారు చెప్పారు. మధ్యాహ్నం ఆల్టర్ టేబుల్ కొట్టాను. కర్సర్ అలా మినుకుతూనే ఉంది. పావుగంట చూసి విండో మూసేశాను. మళ్లీ తెరిచి యూజ్ అని డేటాబేస్ పేరు కొడితే ‘రీడింగ్ టేబుల్ ఇన్ఫర్మేషన్’ అని వచ్చి అక్కడే ఆగింది. ఈలోగా గేటు దగ్గర స్లిప్పులు రావడం కూడా ఆగిపోయింది. లారీల వాళ్లు ఒకటే గొడవ. చివరికి సర్వర్ రీస్టార్ట్ చేస్తే అన్నీ మామూలయ్యాయి, కాలమ్ మాత్రం పడలేదు. మళ్లీ ప్రయత్నించాలంటే టెన్షన్‌గా ఉంది. టేబుల్ పాడైందా? ఆ రోజు మామూలుగా లేనిది ఒక్కటే: ఓనర్‌గారి అబ్బాయి పైథాన్‌లో రాసిన స్టాక్ రిపోర్ట్ పొద్దుటి నుంచి ఆఫీసు కంప్యూటర్‌లో నడుస్తోంది. — ఓ పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: టేబుల్ పాడవలేదండీ. ముందు ఆ దిగులు వదిలేయండి. మీ క్లయింట్ (మీరు కమాండ్లు కొట్టే నల్ల విండో ప్రోగ్రామ్) కూడా చెడిపోలేదు, అది ఎదురుచూస్తూ ఉండిపోయింది.

పలకని స్క్రీన్ కనబడగానే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఎవరి కోసం ఆగింది? నేను ఇంకేదో టైప్ చేస్తానని చూస్తోందా, నెట్‌వర్క్ అవతలి నుంచి జవాబు కోసం చూస్తోందా, లేక ఇంకెవరో పట్టుకున్న లాక్ (తమ పని అయ్యేదాకా ఇంకొకరు మార్చకుండా వేసిన తాళం) వదలాలని చూస్తోందా? ఈ మూడింటికీ చేయాల్సిన పనులు వేరు. తెలుసుకోకుండా విండో మూసేస్తే ఆ తెలుసుకునే అవకాశమే పోతుంది. మీ విషయంలో జరిగింది మూడోది.

మైఎస్‌క్యూఎల్‌లో 5.5 నుంచి ఒక నియమం ఉంది. ట్రాన్సాక్షన్‌లో (కమిట్ అని ఖాయం చేసేదాకా, లేదా రోల్‌బ్యాక్ అని రద్దు చేసేదాకా ఒకే కట్టగా నడిచే పనిలో) ఎవరైనా ఒక టేబుల్‌ను ముట్టుకుంటే, ఉత్త సెలెక్ట్, అంటే చదవడం అయినా సరే, ఆ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా ఆ టేబుల్ రూపం మారకూడదు. దానికోసం సర్వర్ పెట్టేదే మెటాడేటా లాక్. చదివేవాళ్లు, రాసేవాళ్లు ఎంతమంది ఉన్నా ఈ లాక్ విషయంలో ఒకరికొకరు అడ్డు రారు. ఆల్టర్‌కు మాత్రం టేబుల్ మొత్తం తనకే కావాలి. మీకు గేటు సంగతి తెలుసు కనుక అలాగే చెబుతాను. లోపల ఒక చిన్న ట్రాలీ ఇంకా బయటికి రాలేదు. ఆవరణ మొత్తం ఖాళీ అయితే తప్ప తిరగలేని పెద్ద లారీ వచ్చి గేట్లో నిలబడింది. ఇక దాని వెనక మోపెడ్ మీద వచ్చినవాడు కూడా ఆగాల్సిందే. మీ ఆల్టర్ ఆ పెద్ద లారీ. స్లిప్పుల ప్రోగ్రామ్ వెనక ఆగిన మోపెడ్.

మీరు విండో మూసేసినా ఆ లారీ కదల్లేదు. మీరు చూసే నల్ల విండో ఒక ప్రోగ్రామ్, అటు సర్వర్‌లో మీ తరఫున నడిచే కనెక్షన్ వేరు. లాక్ కోసం ఆగిన కనెక్షన్, ఇటు క్లయింట్ బతికుందా లేదా అని తిరిగి చూడదు. విండో మూసిన తర్వాత కూడా మీ ఆల్టర్ అక్కడే నిలబడి వెనక అందరినీ ఆపింది. మూసేయడానికి బదులు కంట్రోల్ సి నొక్కి ఉంటే, మైఎస్‌క్యూఎల్ క్లయింట్ ఇంకో కనెక్షన్ తెరిచి ఆ స్టేట్‌మెంట్‌ను ఆపమని సర్వర్‌కు కిల్ క్వెరీ పంపుతుంది. గేటు అప్పుడే ఖాళీ అయ్యేది.

‘కొంతసేపటికి అదే విసిగి ఎర్రర్ ఇస్తుంది కదా’ అని చాలామంది అనుకుంటారు. రో (టేబుల్‌లో ఒక వరస) మీది లాక్ విషయంలో నిజమే, ఇన్నోడిబి (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగం) మామూలుగా 50 సెకన్లు చూసి వదిలేస్తుంది. మెటాడేటా లాక్‌కు లెక్క వేరు. దాని గడువు లాక్ వెయిట్ టైమౌట్ అనే వేరియబుల్‌లో ఉంటుంది, డిఫాల్ట్ విలువ 3,15,36,000 సెకన్లు. అంటే 365 రోజులు. దాన్ని నమ్ముకుని కూర్చోవడానికి లేదు.

రెండోసారి యూజ్ దగ్గర ఎందుకు ఆగిందంటే, మీరు ట్యాబ్ నొక్కితే పేర్లు పూర్తి చేయడం కోసం క్లయింట్ ఆ డేటాబేస్‌లోని టేబుళ్ల, కాలమ్‌ల పేర్లన్నీ ముందే తెచ్చుకుంటుంది. బస్తాల టేబుల్ దగ్గరికి వచ్చేసరికి అదీ క్యూలో చిక్కింది. ఇలాంటప్పుడు మైఎస్‌క్యూఎల్ అని కొట్టి, హైఫన్, పెద్ద ఏ అక్షరం ఇచ్చి తెరవండి. పేర్లు తెచ్చుకునే పని మానేసి నేరుగా ప్రాంప్ట్ ఇస్తుంది. వేల టేబుళ్లు ఉన్న డేటాబేస్‌లకు ఇది రోజూ పనికొచ్చేదే.

అలా తెరిచిన రెండో విండోలో షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్ కొట్టండి. స్టేట్ కాలమ్‌లో ‘వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్’ అని వరసగా కనబడతాయి. కంగారులో చాలామంది వాటినే కిల్ చేస్తారు. పాపం, అవన్నీ ఆగి ఉన్నవే, ఆపినవి కావు. ఆపినది అదే జాబితాలో ‘స్లీప్’ అని చాలా అమాయకంగా కనబడుతుంది. దాన్ని పట్టుకోవడానికి సిస్ డేటాబేస్‌లో స్కీమా టేబుల్ లాక్ వెయిట్స్ అనే వ్యూ ఉంది (మాటల మధ్య అండర్‌స్కోర్‌లు పెట్టుకోండి). ఎవరు ఆగారు, ఎవరి వల్ల ఆగారు అన్నది పక్కపక్కనే చూపిస్తుంది. మీ ఆల్టర్ కూడా అడ్డుపడినవాళ్ల జాబితాలో తన పేరే తాను చూపించవచ్చు. దాన్ని వదిలేసి, బ్లాకింగ్ పిఐడి కాలమ్‌లో మిగిలిన నంబరు చూడండి. ఇన్ఫర్మేషన్ స్కీమాలోని ఇన్నోడిబి టిఆర్‌ఎక్స్‌లో చూసినా చాలాసేపటి క్రితం మొదలై ఇంకా ముగియని ట్రాన్సాక్షన్ బయటపడుతుంది.

నంబరు దొరికింది కదా అని వెంటనే కిల్ కొట్టకండి. ప్రాసెస్‌లిస్ట్‌లో హోస్ట్ కాలమ్ ఏ కంప్యూటరో చెబుతుంది. మీదంతా ఒకే ఆవరణ, లేచి వెళ్లి ఆ మనిషిని అడగండి. ఎవరైనా సగం ఎక్కించిన లెక్క ఆ ట్రాన్సాక్షన్‌లో ఉంటే, కిల్ చేయగానే అది రోల్‌బ్యాక్ అయి పోతుంది. ఒక రైతు బస్తాల లెక్క అది. అడిగి, సరే అన్న తర్వాతే కిల్ అని ఆ కనెక్షన్ నంబరు కొట్టండి. ఇక్కడ కిల్ క్వెరీ పనిచేయదు, ఎందుకంటే నిద్రపోతున్న కనెక్షన్‌లో ఆపడానికి క్వెరీయే లేదు.

ఆ రోజు అడ్డుపడింది స్టాక్ రిపోర్టేనని నా అనుమానం. పైథాన్ డేటాబేస్ నియమాల ప్రకారం ఆటోకమిట్ (ప్రతి కమాండ్ అయ్యాక దానంతటదే కమిట్ కావడం) మొదట ఆఫ్‌లో ఉంటుంది, మైఎస్‌క్యూఎల్ పైథాన్ కనెక్టర్ కూడా అంతే. రిపోర్ట్ కోసం ఒక్క సెలెక్ట్ చేసినా ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. కమిట్ అనేవాళ్లు లేక అది సాయంత్రం దాకా తెరుచుకునే ఉంటుంది. అబ్బాయిని ఏమీ అనకండి, చాలా మంచి ప్రోగ్రామర్ల కోడ్‌లోనూ నేను దీన్ని చూశాను. కనెక్షన్ తెరిచిన వెంటనే ఆటోకమిట్‌ను ట్రూ చేయమనండి, లేదా డేటా చదవడం అయ్యాక ఒక కమిట్ పెట్టమనండి.

ఇప్పుడు మీ కాలమ్. రాత్రి గేటు మూశాక, బ్యాకప్ తీసుకుని మొదలుపెట్టండి. సెలెక్ట్ కనెక్షన్ ఐడి అని అడిగి, వచ్చిన నంబరును కాగితం మీద రాసుకోండి. నైట్ షిఫ్ట్‌లో నా పక్కన కూర్చునే పిల్లలందరికీ నేను పెట్టిన నియమం ఇది: నంబరు కాగితం మీద ఉండాలి, రెండో విండో ముందే తెరిచి ఉండాలి. తర్వాత సెట్ సెషన్ లాక్ వెయిట్ టైమౌట్ ఈక్వల్ టు 5 అనండి. ఆ తర్వాతే ఆల్టర్. లాక్ దొరక్కపోతే ఐదు సెకన్లలో 1205 ఎర్రర్ ఇచ్చి తప్పుకుంటుంది, గేటు దగ్గర ఎవరూ ఆగరు. మీ సర్వర్ 8.0.12 లేదా ఆ తర్వాతిది అయితే కాలమ్ కలపడం దాదాపు క్షణంలో పని, టేబుల్ మొత్తాన్ని తిరగరాయదు. సెలెక్ట్ వెర్షన్ అని కొట్టి చూసుకోండి. ఆ క్షణానికి కూడా లాక్ మాత్రం కావాల్సిందే, అందుకే ఐదు సెకన్ల గడువు మరవకండి.

ప్రశ్న: మేడమ్, నేను కరీంనగర్ నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకుంటున్నాను. హాస్టల్‌లో లాప్‌టాప్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఒక్కోసారి ఎంటర్ కొట్టిన ప్రతిసారీ 2, 3, 4 అని నంబర్లే వస్తాయి, ఎగ్జిట్ అన్నా పోదు. ఇంకోసారి రెండు విండోలు తెరిచి రెండింట్లోనూ ఈఎమ్‌పీ టేబుల్‌ను అప్‌డేట్ చేస్తే రెండోది అట్లనే ఆగిపోయింది. 14 రోలు ఉన్న టేబుల్‌కు ఇంత టైమ్ ఎందుకు? లాప్‌టాప్ స్లో అయిందా? — ఓ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: లాప్‌టాప్ బాగానే ఉందమ్మా. నువ్వు అడిగిన రెండూ వేర్వేరు సంగతులు.

నంబర్లు వస్తున్నాయంటే అది నీ కోసమే ఆగింది. నీ వాక్యం ఇంకా ముగియలేదని దాని లెక్క. చివర సెమికోలన్ పెట్టు, లేదా కొత్త లైన్‌లో ఒక్క స్లాష్ కొట్టు, నడుస్తుంది. వద్దనుకుంటే ఏమీ రాయకుండా ఖాళీ లైన్‌లో ఎంటర్ కొట్టు, మామూలు ప్రాంప్ట్ వచ్చేస్తుంది. ఎగ్జిట్ ఎందుకు పనిచేయలేదంటే, నువ్వు దాన్ని మూడో లైన్‌లో రాశావు కనుక అది కూడా క్వెరీలో భాగమైంది. బిగిన్, ఎండ్ ఉన్న పిఎల్ ఎస్‌క్యూఎల్ బ్లాక్‌లో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ సెమికోలన్లు ఎన్ని పెట్టినా నడవదు, ఖాళీ లైన్ కొట్టినా ఆగదు. చివర ప్రత్యేకంగా స్లాష్ ఉండాలి.

రేపు మైఎస్‌క్యూఎల్ నేర్చుకునేటప్పుడు నంబర్లకు బదులు -> అనే బాణం వస్తుంది. బాణం బదులు '> కనబడితే కొటేషన్ తెరిచి మూయలేదని అర్థం. అప్పుడు నువ్వు సెమికోలన్ పెట్టినా, క్విట్ అన్నా అన్నీ ఆ కొటేషన్ లోపలి మాటలే. ముందు ఒక కొటేషన్ కొట్టి దాన్ని మూసి, వెంటనే బ్యాక్‌స్లాష్ సి కొడితే ఆ క్వెరీ రద్దవుతుంది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వాట్సాప్‌లో పంపే నోట్స్ నుంచి కాపీ చేసే పిల్లలకు ఇది తరచూ వస్తుంది. వర్డ్‌లో టైప్ చేసిన నోట్స్‌లో కొటేషన్లు వంపు తిరిగి ఉంటాయి. తెరిచేది నువ్వు కొట్టిన నిటారు కొటేషనై, మూసేది కాపీలో వచ్చిన వంపు కొటేషనైతే, డేటాబేస్ దృష్టిలో అది మూసుకోలేదు. క్వెరీలు కాపీ చేయకుండా చేత్తో కొట్టు. నేర్చుకునే రోజుల్లో అదే మేలు.

రెండో సంగతి చూసి నాకు సంతోషం వేసింది. ఉద్యోగంలో చేరాక అర్ధరాత్రి ఎదురయ్యే సమస్యను నువ్వు హాస్టల్ గదిలోనే తయారు చేసుకున్నావు. మొదటి విండోలో అప్‌డేట్ చేసి కమిట్ చేయలేదు. ఆ రో నీ మొదటి సెషన్ చేతిలో ఉంది. రెండో సెషన్ అదే రోను మార్చాలని వచ్చి నిలబడింది. టేబుల్‌లో 14 రోలున్నా 14 కోట్ల రోలున్నా ఇందులో తేడా లేదు. ఒరాకిల్‌లో ఇలాంటి అప్‌డేట్‌కు గడువు ఉండదు, మొదటి విండోలో నువ్వు కమిట్ లేదా రోల్‌బ్యాక్ అనేదాకా రెండోది అలాగే ఉంటుంది.

ఈసారి కావాలనే మళ్లీ అలా ఆపు. సిస్టమ్ యూజర్‌తో మూడో విండో తెరిచి, వి డాలర్ సెషన్ అనే వ్యూలో ఎస్‌ఐడి, బ్లాకింగ్ సెషన్, ఈవెంట్ కాలమ్‌లు అడుగు. బ్లాకింగ్ సెషన్ ఖాళీగా లేని లైన్ నీ రెండో విండోది. అందులో ఉన్న నంబరు నీ మొదటి విండోది. తర్వాత మొదటి విండోలో కమిట్ కొట్టి, రెండోది అదే క్షణంలో కదలడం చూడు.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్‌లో పెద్ద సెలెక్ట్ కొడితే ఒక పేజీ చూపించి కింద ఒక కోలన్ పెట్టి ఆగిపోతోంది. ఏం టైప్ చేసినా వింత వింత అక్షరాలు. ప్రతిసారీ విండో మూసి మళ్లీ తెరుస్తున్నాను. — ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: క్యూ అక్షరం నొక్కండి. అంతే. అది పేజర్, ఫలితం స్క్రీన్‌లో పట్టనప్పుడు పేజీలుగా చూపించే ప్రోగ్రామ్. స్పేస్ నొక్కితే తర్వాతి పేజీ. అసలు వద్దనుకుంటే బ్యాక్‌స్లాష్ పిసెట్ పేజర్ ఆఫ్ అనండి. ఏ పేజరూ లేనప్పుడు కూడా టెర్మినల్ బిగుసుకుపోతే, సేవ్ చేసే అలవాటులో వేలు కంట్రోల్ ఎస్ మీద పడిందేమో చూడండి. చాలా లైనక్స్ టెర్మినళ్లలో అది స్క్రీన్‌ను ఆపేసే మీట. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

ప్రశ్న: నేను విశాఖలో ఇంటి నుంచే పనిచేస్తాను. కంపెనీ విపిఎన్ మీదుగా క్లౌడ్‌లోని పోస్ట్‌గ్రెస్‌కు పిఎస్‌క్యూఎల్‌తో కనెక్ట్ అవుతాను. లాగిన్ వెంటనే అవుతుంది, చిన్న క్వెరీలకు జవాబు టక్కున వస్తుంది, పెద్ద క్వెరీ కొడితే శాశ్వతంగా ఆగిపోతుంది. ఆఫీసులో ఉన్నవాళ్లకు అదే క్వెరీ సెకనులో వస్తోంది. ఇంకోటి, భోజనం చేసి వచ్చి కొడితే చిన్న క్వెరీ కూడా కదలదు. ‘ఇండెక్స్ వేయండి’ అంటున్నారు మా టీమ్‌లో. — ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇండెక్స్ (వెతకడం త్వరగా అయ్యేందుకు టేబుల్‌కు వేసే సూచిక) జోలికి వెళ్లకండి. ఆఫీసులో సెకనులో వచ్చే క్వెరీకి డేటాబేస్‌లో జబ్బు లేదు. మీది దారిలో ఉన్న జబ్బు, అదీ ఒకటి కాదు, రెండు.

మొదటిది పరీక్షించడానికి ఏ టేబుల్ అవసరం లేదు. సెలెక్ట్ రిపీట్ అని, బ్రాకెట్లో ఎక్స్ అక్షరం, 100 ఇవ్వండి. వంద ఎక్స్‌లు వస్తాయి. ఇప్పుడు 100కు బదులు 5000 ఇవ్వండి. అక్కడ ఆగిపోయిందంటే నా అనుమానం నిజమే. ఈ క్వెరీకి లాకూ అక్కర్లేదు, ఇండెక్సూ అక్కర్లేదు, తేడా అంతా జవాబు పరిమాణంలోనే ఉంది. మీ టీమ్‌ను ఒప్పించడానికి కూడా ఇంతకన్నా తేలికైన సాక్ష్యం లేదు.

జరిగేది ఇది. మామూలు నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. విపిఎన్ ప్రతి ప్యాకెట్ చుట్టూ తన సమాచారాన్ని చుడుతుంది, దాంతో నిండు ప్యాకెట్ దారిలో పట్టదు. ‘ఇది పెద్దది, చిన్నది చేసి పంపు’ అని దారిలోని రూటర్ ఐసిఎంపి (నెట్‌వర్క్ పరికరాలు ఇబ్బందులు చెప్పుకునే పద్ధతి) సందేశం వెనక్కి పంపాలి. భద్రత పేరుతో ఐసిఎంపిని మొత్తంగా ఆపేసే ఫైర్‌వాల్‌లు ఉన్నాయి. సందేశం చేరదు, సర్వర్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది, మీ స్క్రీన్ మీద ఏమీ రాదు. లాగిన్‌లో వెళ్లేవి చాలావరకు చిన్న ప్యాకెట్లు కనుక అక్కడ తెలియదు.

విండోస్‌లో అయితే పింగ్‌కు హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1472 అని ఇచ్చి సర్వర్ అడ్రస్ కొట్టండి. 1472కు 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500. అది వెళ్లకపోతే సంఖ్య తగ్గిస్తూ పోండి, ఏ సంఖ్య దగ్గర జవాబు వస్తుందో రాసుకోండి. పింగ్‌నే ఆపేసిన సర్వర్లలో ఈ పరీక్ష కుదరదు, రిపీట్ పరీక్ష మాత్రం కుదురుతుంది. శాశ్వతమైన మందు మీ నెట్‌వర్క్ టీమ్ చేతిలో ఉంది: విపిఎన్ దగ్గర ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లు మొదటి నుంచీ చిన్నవిగా వెళ్లేలా చూసే ఏర్పాటు) పెట్టమనండి. ఈలోగా మీ విపిఎన్ అడాప్టర్ ఎమ్‌టియును (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని) 1300కు తగ్గించుకుంటే పని జరుగుతుంది.

భోజనం తర్వాతి సంగతి వేరు. దారిలోని ఫైర్‌వాల్, నాట్ (అడ్రసులు మార్చి పంపే) పరికరాలు మాటామంతీ లేని కనెక్షన్‌ను కొంతసేపటికి మరచిపోతాయి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యుఎస్ నాట్ గేట్‌వేలో ఆ గడువు 350 సెకన్లు, ఆరు నిమిషాలు కూడా లేదు. ‘నేనింకా ఉన్నాను’ అని లైనక్స్ తనంతట తాను పలకరించేది డిఫాల్ట్‌గా 7200 సెకన్లకు, అంటే రెండు గంటలకు. మీరు తిరిగి వచ్చేసరికి దారి తెగిపోయింది, ఇటూ అటూ ఎవరికీ తెలియదు. మీరు క్వెరీ కొడితే లైనక్స్ దాదాపు పావుగంట పాటు పంపుతూనే ఉండి, అప్పుడు ఎర్రర్ ఇస్తుంది. పిఎస్‌క్యూఎల్ కనెక్షన్ స్ట్రింగ్‌లో కీప్‌అలైవ్స్ ఐడిల్ ఈక్వల్ టు 60 అని పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) మీదుగా వెళ్లేవాళ్లు సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 60 పెట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ విండోయే బిగుసుకుపోతే ఎంటర్, తర్వాత టిల్డా, తర్వాత చుక్క నొక్కండి, బయటికి వచ్చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. భోజనానికి వెళ్లే ముందు బిగిన్ అని మొదలుపెట్టి అప్‌డేట్ చేసి కమిట్ చేయలేదనుకోండి. మీ వైపు తెగిపోయినా సర్వర్‌లో ఆ సెషన్ ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’గా లాక్‌లు పట్టుకుని ఉండొచ్చు. కొత్తగా కనెక్ట్ కాగానే పిజి స్టాట్ యాక్టివిటీలో మీ పాత సెషన్ కోసం వెతకండి. ఉంటే పిజి టెర్మినేట్ బ్యాకెండ్‌కు దాని పిఐడి ఇవ్వండి. ఆ పని చేయకపోతే మీ టీమ్‌లో ఇంకెవరో ఇదే పేజీకి ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: మా మిల్లులో పాత లైనక్స్ సర్వర్ మీద ఒరాకిల్ 10.2.0.1 ఉంది. జీతాలు, గోడౌన్ లెక్కలు అందులోనే. మొన్నటి నుంచి ఆ సర్వర్ మీద ఎస్‌క్యూఎల్ ప్లస్ అని కొడితే పాస్‌వర్డ్ కూడా అడగకుండా ఆగిపోతోంది. విండోస్ కంప్యూటర్లలోని ప్రోగ్రామ్‌లు మాత్రం నడుస్తున్నాయి. రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ కూడా ఆగింది. నిరుడు ఇలాగే అయితే రీబూట్ చేస్తే పోయింది. ఇది వైరస్ అంటున్నారు. — ఓ పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు రెండు కమాండ్లు కొట్టండి. మొదటిది అప్‌టైమ్, రెండోది టాప్. సర్వర్ ఆన్ అయి 248 రోజులు దాటిందా? టాప్‌లో ఎస్‌క్యూఎల్ ప్లస్ సిపియును దాదాపు 100 శాతం తింటోందా? రెండింటికీ అవుననే జవాబొస్తే అది వైరస్ కాదు.

పై ఉత్తరాలన్నిట్లో క్లయింట్ ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. ఎదురుచూసే ప్రోగ్రామ్ సిపియును ముట్టుకోదు. మీది ఎవరి కోసమూ ఆగలేదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. ఎస్‌ట్రేస్‌తో (ప్రోగ్రామ్ సిస్టమ్‌ను ఏమేం అడుగుతోందో చూపించే కమాండ్‌తో) దాన్ని పట్టి చూస్తే టైమ్స్ అనే సిస్టమ్ కాల్ అంతులేకుండా వరసగా కనబడుతుంది.

10.2.0.1 క్లయింట్ లైబ్రరీలో ఇది నమోదైన బగ్, నంబరు 4612267. సర్వర్ ఆన్ అయినప్పటి నుంచి గడిచిన కాలాన్ని సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెట్టే అంకె ఒకటుంది. 32 బిట్లలో, ప్లస్ మైనస్ గుర్తుతో, పట్టే అతిపెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. దాన్ని వందతో భాగించి, రోజుకు 86,400 సెకన్లతో మళ్లీ భాగించండి. 248 రోజుల 13 గంటల చిల్లర వస్తుంది. ఆ గీత దాటగానే అంకె మైనస్‌లోకి వెళ్తుంది, క్లయింట్ లెక్క తప్పి లూప్‌లో పడుతుంది. ఈ 248 మీ మిల్లుకే వచ్చింది కాదు. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, బోయింగ్ 787 విమానాల్లో కరెంటును 248 రోజులు ఆపకుండా ఉంచితే అది మొత్తం పోవచ్చని హెచ్చరించి, అంతకన్నా ముందే ఎప్పటికప్పుడు ఆపి పెట్టమని ఆదేశం ఇచ్చింది. జనరేటర్ కంట్రోల్ యూనిట్ సాఫ్ట్‌వేర్‌లోని ఒక లెక్క నిండిపోతుందన్నదే అక్కడి కారణం కూడా.

రీబూట్ చేస్తే పోతుంది, మళ్లీ 248 రోజులకు వస్తుంది. కానీ మీ విషయంలో నన్ను కలవరపెట్టేది బ్యాకప్ ఆగిపోవడం. అంత పాత డిస్కులున్న మెషీన్‌ను బ్యాకప్ లేకుండా రీబూట్ చేయొద్దు. బగ్ క్లయింట్ లైబ్రరీలో ఉంది, డేటాబేస్ నడుస్తూనే ఉంది. విండోస్ కంప్యూటర్లు కనెక్ట్ అవుతున్నాయి కదా, వాటిలో ఒకదాని నుంచి ఇవాళే ఎక్స్‌పోర్ట్ తీయండి. ఆ ఫైల్‌ను సర్వర్ మీద కాకుండా వేరే డిస్కు మీద పెట్టండి, అది తెరుచుకుంటోందో లేదో ఇంకో మెషీన్‌లో ఇంపోర్ట్ చేసి చూడండి. అది తేలాక మిల్లు సెలవు రోజున రీబూట్ చేయండి.

తర్వాత ఆ బగ్ ప్యాచ్ గానీ, దాన్ని సరిచేసిన తర్వాతి ప్యాచ్‌సెట్ గానీ వేయించండి. 10.2కు ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ 2013 జులైతోనే ముగిసింది కనుక, మీ సపోర్ట్ ఖాతాలో ఆ ఫైలు ఇంకా దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. దొరక్కపోతే కొత్త వెర్షన్‌కు మారేదాకా ఏడాదికి రెండుసార్లు, ఎక్స్‌పోర్ట్ సరిచూసుకున్న మర్నాడు, రీబూట్ తేదీని మిల్లు క్యాలెండర్‌లో రాసి పెట్టండి.